కొసరు

కొరియో బే మీంచి గాలి వ్యాను తలుపుని లాక్కుంటుంటే
యాభై అయిదు అంగుళాల పెట్టె దించాం, నేనూ టెవితా.
నార్లేన్. కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక
రంగులు మానేసిన ఇళ్ల వరస.
నాలుగో గుమ్మంలో దానిత్సా గారు, చేతికర్ర, ఉన్ని చెప్పులు.
"ఎక్కువ కన్నాలు పెట్టకమ్మా, మా ఆయన కట్టిన గోడ."

నాలుగే కన్నాలు. నాలుగు మరలు.
మట్టపు బుడగ మధ్యకొచ్చి ఆగింది.
ఒకప్పుడు అక్కడితో నా పని అయిపోయేది.
ఇప్పుడది కళ్లు తెరిచాక మొదలు:
భాష అడుగుతుంది, పోస్ట్‌కోడ్ అడుగుతుంది,
అరవై మూడు పేజీల షరతులు పరిచి
చదివారా అంటుంది. చదివామంటాను.
రోజుకి ఆరిళ్లలో, ఆరుగురి పేర్ల మీద,
ఆ చిన్న అబద్ధం నాదే.

అప్పుడు మూలనించి నీలం డాలు ఒకటి లేచింది.
"మీ టీవీకి ముప్పు ఉండవచ్చు."
ఒంటిమీద అట్టపెట్టె వాసనింకా పోలేదు,
ఒక్క బొమ్మ చూపించలేదు,
అప్పుడే ముప్పట.

కొసరంటే నాకు తెలుసు.
కిలో వంకాయలు తూచాక, తక్కెడ దించకముందే
అడిగి, బతిమాలి, కాస్త పోట్లాడి
సంచిలో వేయించుకునే గుప్పెడు కరివేపాకు.
ఇది ఎవరూ అడగని కొసరు.
కూరలోకి రాదు, పారేద్దామంటే పోదు.
గుర్రప్పందాల యాప్,
ఎవరో వంటలాయన చానెల్,
ఈవిడ ఎన్నడూ వెళ్లని నాలుగు సినిమా దుకాణాలకి
రిమోట్ మీదే నాలుగు బొత్తాలు,
ఆపైన ఈ కాపలావాడు.
"తీసెయ్" అన్న మాట ఉంది, బూడిదరంగులో,
నొక్కితే రాయిని నొక్కినట్టు.
"తర్వాత గుర్తుచెయ్" మాత్రం తళతళలాడుతోంది.
ముప్పై రోజులు ఉచితం.
ముప్పై ఒకటో రోజున జీతం కోసం తలుపు కొడతాడు,
లోపలినుంచి.

"ఏమంటోంది?" భూతద్దం పట్టుకుని దగ్గరికొచ్చింది.
"మిమ్మల్ని కాపాడతానంటోంది."
"ఎవరినుంచి?"
టెవితా పైకప్పు చూశాడు.
చెప్పాను: ఏది ఎంతసేపు చూశారో,
ఏ రాత్రి నిద్రపట్టక మూడింటికి లేచారో,
అలాంటివి దొంగలు ఎత్తుకుపోతారని.
వాటిని ముందు పోగేసేదెవరో చెప్పలేదు.
ఆవిడ నవ్వింది.
"జాగ్రెబ్‌లో మా మెట్లకింద ఒకాయన ఉండేవాడు.
ఎవరింటికి ఎవరొచ్చారో రాసుకునేవాడు. అందరికీ తెలుసు.
చలి ముదిరితే మేమే పిలిచి కాఫీ పోసేవాళ్లం.
యోసిప్ పేరు. మోకాళ్ల నొప్పులు పాపం.
మరి దీనికేం పోయాలి?"

నా ఫోన్లో గళ్లు.
గోడకి బిగించాను, టిక్కు. బొమ్మ వచ్చింది, టిక్కు.
ఇంటర్నెట్‌కి కలిపాను...
పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది,
మనవడి దస్తూరీ. చూశాను.
కలపకుండానే టిక్కు పెట్టాను.
ఆరింటికి ఇది కలిపితే ఏడు.
ఆదివారం మనవడొస్తాడు, రెండు నిమిషాల్లో కలిపేస్తాడు,
నాకు తెలుసు.
అందాకా నాలుగు రోజులు
నెట్‌వర్క్ లేదు, రక్షణ లేదు అని డాలు గొణుగుతుంటే
ఆవిడ యాంటెనా తీగ మీదొచ్చే వాతావరణం చూసుకుంటుంది.

పాత టీవీ మీది కుట్టుగుడ్డ తెచ్చింది, తెల్లటి లేసు.
కొత్తదానికి వేలంత మందం కూడా లేదు, జారిపోయింది.
మడిచి, బట్టలక్లిప్పు పెట్టి,
చిన్న ఎర్రదీపం మీదికి వేలాడదీసింది.
"యోసిప్‌కి టోపీ."

వెళ్లేముందు రొట్టెసంచిలో నిమ్మకాయలు పోసింది,
పెరటి చెట్టువి, ఒకటి మచ్చది.
చెయ్యి చాపి ఉంచాను.
"ఇంకో రెండు వెయ్యరూ."
టెవితా నావైపు నోరు తెరిచి చూశాడు.
ఒకటి వేసింది.
రెండోదానికి కర్ర చూపించింది.